ఇంటివాళ్ళ సాక్ష్యం

ఆయన చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించి, ఆవిడ ఏదో మామూలు సంగతిలా అంది. "రేపు కమిషన్ వాళ్ళు నా పేరు పిలుస్తారు. మీరొచ్చి ఒక్క మాట చెప్పాలి."

"ఏమని?" ఆయన పేపర్లోంచి తలెత్తలేదు.

"నిద్రలో లేపితే నేనేం చేస్తానో, అది."

పేపరు కిందికి దిగింది. "మతిగాని పోయిందా నీకు? పెళ్ళాం చేతిలో దెబ్బలు తిన్నానని నలుగురిలో చెప్పుకోమంటావా?"

చొక్కా చేతులకి ఇంకా ముడతలున్నాయి. ఆవిడ వాటి పని పట్టింది.

యుద్ధంలో ఆవిడ నర్సు. బడి గదుల్లో బెంచీలు పక్కకి జరిపి పెట్టిన ఆసుపత్రి. కాస్త కునుకు పట్టేలోపు ఎవరో భుజం కుదిపి "లారీ వచ్చింది" అనేవారు. లారీ అంటే గాయపడ్డ మనుషులు, కొందరు సగం సగం. యుద్ధం అయిపోయింది, లారీలు ఆగిపోయాయి, ఆ సంగతి భుజం మాత్రం నమ్మలేదు. పెళ్ళయిన కొత్తలో ఆయనకి దాహమేసి, లేచి తాగడానికి బద్ధకమేసి, భుజం తట్టి ఆవిణ్ణి లేపాడు. కళ్ళు తెరిచేసరికి ఆవిడ గుమ్మంలో ఉంది, ఆయన గోడ పక్కన ముక్కు పట్టుకుని ఉన్నాడు. రక్తం ఆపింది కూడా ఆవిడే. ఆఫీసులో తలుపు తగిలిందని చెప్పాడట. ఆ తర్వాత తలుపు చాలాసార్లే తగిలింది. అత్తగారు మాత్రం ఊరుకోలేదు. "చేసొచ్చింది కట్లు కట్టడమేగా తల్లీ, తుపాకీ పట్టినదానిలా ఈ వేషాలేమిటి?" అని వంటింటి పక్క గదిలో చాప వేయించింది. పక్క మారింది గానీ, అందరికంటే ముందు లేచి పొయ్యి వెలిగించే పని మారలేదు.

కొన్నేళ్ళకి, తాను కట్లు కట్టి పంపిన సిపాయిలకీ అదే జబ్బని తెలిసింది. అప్పట్నుంచీ ఆవిడ ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. అందరికీ సిస్టరమ్మ. చివరికి ప్రభుత్వం కమిషన్ వేసింది. యుద్ధం వల్ల నిద్ర చెడినవాళ్ళకి జీవితాంతం వైద్యం. అయితే ఇంట్లోవాళ్ళు ఒకరు వచ్చి సాక్ష్యం చెప్పాలి, ఎందుకంటే మనిషి పగలు ఎలా ఉన్నాడో ఊరికి తెలుస్తుంది గానీ నిద్రలో ఎలా ఉన్నాడో ఇంటికే తెలుస్తుంది. సిపాయిల భార్యల్ని మాజీ సైనికుల సంఘం గదిలో కూర్చోబెట్టి నేర్పింది ఆవిడే. "సిగ్గుపడకమ్మా. ఉన్నదున్నట్టు చెప్పు. అది ఆయన తప్పు కాదు, జబ్బు." వాళ్ళు చెప్పారు. ఒకావిడ ఏళ్ళ తరబడి నేల మీదే పడుకుందట. ఇంకొకావిడ పొద్దు వాలగానే కత్తిపీట పక్కింట్లో ఇచ్చి వచ్చేదట. పరువు అన్న మాట ఒక్కరి నోటా రాలేదు.

నర్సుల మాట ఎత్తితే సంఘం కార్యదర్శి, మాజీ కెప్టెన్, నవ్వుతూ అన్నాడు. "ఆడవాళ్ళ సంగతి తర్వాత చూద్దాం సిస్టరమ్మా, ముందు మనవాళ్ళది కానివ్వండి." మనవాళ్ళలో తనూ ఉన్నాననుకుంది ఇన్నాళ్ళూ. రేపటితో విచారణ ముగిసిపోతుంది. ఒక్క నర్సు బాధైనా రికార్డుకెక్కితే, తనతో పనిచేసిన మిగతావాళ్ళకీ దారి దొరుకుతుంది. లేకపోతే ఇక లేదు.

అన్నం వడ్డిస్తూ మళ్ళీ అడిగింది.

"ఇన్నేళ్ళూ నోరు మెదపకుండా నీ పరువు కాపాడింది ఎవరనుకున్నావ్?" అన్నాడాయన. "కూర ఇంకాస్త వెయ్యి."

వేసింది. మంచివాడే. తాగడు, అరవడు. ఇంటికొచ్చిన వాళ్ళతో "మా ఆవిడది సమాజసేవ" అని గొప్పగా చెప్పి, ఆ నోటితోనే వాళ్ళకి టీ పెట్టమంటాడు. ఆ మంచితనంలో తన వాటా ఎంతో ఆవిడ ఎప్పుడూ కొలుచుకోలేదు. కోపం వచ్చింది. అందులో సగం తన మీదే. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ నేర్పిన మాట ఇంట్లో ఒక్క మగాడికి నేర్పలేకపోయింది.

మర్నాడు ఆయన ఆ ఇస్త్రీ చొక్కా వేసుకుని విచారణ హాలుకి వచ్చాడు. వెనక వరసలో కూర్చున్నాడు. ఆవిడకి ఆశ పుట్టింది, దాచుకోవడమెందుకు. పొద్దున్నుంచీ సిపాయిలు చెప్పారు, పక్కనే నిలబడి భార్యలు చెప్పారు. ఆవిడ వంతు వచ్చింది. బడి గదులు, లారీ, భుజం అన్నీ చెప్పింది, రోగి చీటీ చదివినట్టు, ఎక్కడా గొంతు పెంచకుండా. కెప్టెన్ ఎవరి వైపూ చూడకుండా కూర్చున్నాడు.

"ఇంటివాళ్ళెవరైనా వచ్చారా?" అధ్యక్షుడు అడిగాడు.

ఆవిడ వెనక్కి తిరిగింది. ఆయన వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. హాలంతా చూస్తూ ఉంది, ఆ లేసు ముడి ఎంతకీ పడలేదు.

అధ్యక్షుడు మెత్తటి మనిషి. "సాక్ష్యం లేకపోతే కష్టమమ్మా. వచ్చినవాళ్ళందరికీ ఇంట్లోవాళ్ళు చెప్పారు, మీకొక్కరికే ఎందుకు చెప్పలేదని రేపు పైవాళ్ళు అడుగుతారు. ఏమని రాయమంటారు?"

"వాళ్ళందరికీ భార్యలున్నారండీ," అంది ఆవిడ. "నాకు భర్త ఉన్నాడు. అదే రాయండి."