పైకెళ్లి దిగని స్వింగు

ఉదయం ఆరున్నరకి కూర్మినాయుడు మాస్టారు పైకి లేపిన స్వింగు పదకొండైనా కిందికి రాలేదు. గోల్ఫ్ మైదానం మధ్యలో, కొత్త కర్ర భుజం వెనక ఎత్తి పట్టుకుని, ఆయన దానికోసం నిలబడే ఉన్నాడు. మాస్టారు చేతులెత్తేశాడని క్లబ్బంతా కబురు. ఎత్తిన మాట నిజమే.

పన్నెండులోగా ఈ కర్రతో బంతి వాగు దాటాలి. దాటకపోతే రేపట్నుంచి ఆయన శిష్యులకి యంత్రం నేర్పుతుంది. ఇదీ క్లబ్బు నోటీసు. కింద సెక్రటరీ అరుంధతి గారి సంతకం ఉంది.

ముప్పయ్యేళ్లుగా ఆటగాళ్ల సంచులు మోస్తున్న లచ్చుమన్న వచ్చి, మాస్టారి మోచేతి మీద తువ్వాలు ఆరేస్తాడు.

"ఏటి మాస్టారూ, స్వింగూ లేదు సింగినాదమూ లేదు?"

"కర్ర వంగాలి కదా లచ్చుమన్నా. ఆగాను."

కర్రలకి చెక్క కాడలున్న రోజుల్లో నేర్చిన చెయ్యి ఆయనది. ఆ కాడ మెలితిరిగి, కర్ర తల వెనకబడేది. అది వచ్చేదాకా మణికట్టు ఓపిక పట్టేది. ఉక్కు కాడలొచ్చి మోకాళ్లకి పని పెరిగినా, మణికట్టు ఆ మర్యాద మానలేదు.

"ఇది కార్బను కాడ. ఎవలి కోసమూ ఆగదు. కర్రపెత్తనమంతా దానిదే. కాళ్లు ఎడంగా పెట్టి నువ్వే తిరగాల. నడుం కట్టు," అంటాడు లచ్చుమన్న.

ఈ మాట విని మణికట్లు రెండూ చేతుల్లోంచి దిగి, గడ్డి మీద పక్కపక్కనే కూర్చుంటాయి. కూర్చున్నవాళ్లని చూస్తే మాస్టారికి అసూయ.

ఆయన తిరుగుతాడు. ముందు నడుం వెళ్తుంది, తర్వాత భుజాలు, ఆ తర్వాత వయసు. గుమ్మడికాయంత కర్ర తల బంతికి తగిలి ఇత్తడి గిన్నెలా మోగుతుంది.

బంతి కదలదు. మైదానమే జెండాలతో, వాగుతో సహా లేచి, బంతి మీదుగా వెనక్కి రెండొందల అరవై గజాలు ఎగిరి పడుతుంది. మాస్టారి కాళ్ల కింద జానెడు గడ్డి మిగులుతుంది.

అరుంధతి గారు వచ్చి టేపుతో కొలుస్తారు. "వాగు బంతికి వెనకుంది. అంటే బంతి దాటినట్టే. రేపూ మీరే నేర్పండి."

మాస్టారికి సంతోషించాలనే ఉంది. కూర్చోవాలని అంతకన్నా ఎక్కువగా ఉంది.

అప్పుడు బంతిలోంచి ఎవరో తలుపు తడతారు. ఆయన వంగి తీస్తాడు. లోపల పొడవాటి హాలు. భోజనాలకి కూర్చున్నట్టు బంతులు బంతులుగా శిష్యులు. వాళ్ల చేతుల్లో ఇంకా తయారుకాని కర్రలు. వాటికి కాడ లేదు, తల లేదు, బరువు మాత్రం ఉంది.

"మాస్టారూ, వీటికి చేతులు కూడా అడ్డమేనట, నిజమేనా?" అంటుంది ముందు వరసలోని పెద్దావిడ.

"చూద్దాం లెండమ్మా."

మాస్టారు బూట్లు బయట విడుస్తాడు. ఎడమచేత్తో కుడిచేతిని విప్పి బూట్ల పక్కన పెడతాడు. ఎడమదాన్ని విప్పమని ఆవిడ ముందుకి చాపుతాడు.