పావుగంట సుభద్ర

మాడ్రిడ్ నుంచి లిస్బన్ సుమారు ఐదు వందల కిలోమీటర్లు, విమానంలో గంటుంబావు. ఆ వాక్యం మరోసారి సరిచూసి, సుభద్ర కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంది. బల్ల కిందున్న సూట్‌కేసును మడమతో ఇంకాస్త లోపలికి నెట్టింది.

చాంగీ బిజినెస్ పార్క్‌లోని ఆ ఆఫీసులో ఆమె పని ఇదే. యూరప్‌లో ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరం, విమానం ఎంతసేపట్లో చేరుస్తుంది అని వెబ్‌సైట్‌లో రాయడం. ఊరికి అటు చివరనున్న బుకిట్ బటోక్ ఇంటి నుంచి రోజూ రైల్లో ఇక్కడికి రావడానికే దాదాపు ఆ గంటుంబావు పడుతుంది. పొట్టి మనిషి, బొద్దు మనిషి. ఏసీ చలికి చుడీదార్ మీద భర్త పాత స్వెటర్ తొడుక్కుంటుంది. వేళ్లకు ఇంకా పొద్దుటి తాలింపు వాసన.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, విమానం చేరే వేళలోంచి బయల్దేరిన వేళ తీసేసి, ఇదే ప్రయాణాన్ని పావుగంట అని రాసి పారేసింది. లిస్బన్ గడియారం గంట వెనక నడుస్తుందని ఎవరు చెప్పారు గనక! అప్పట్నుంచి ఆఫీసంతటికీ ఆమె పావుగంట ఆంటీ.

ఇన్ని విమానాల సంగతి రాసే మనిషికి విమానమంటే గుండెదడ. ఇండియా వెళ్లినప్పుడల్లా భర్త కృష్ణప్రసాద్ చెయ్యి కందిపోయేలా పట్టుకుని కళ్లు మూసుకుంటుంది. ఒంటరిగా ఎన్నడూ ఎక్కలేదు. అలాంటిది ఈ రాత్రి మాడ్రిడ్‌కు బయల్దేరి, అక్కణ్నుంచి లిస్బన్ చేరి, భాగస్వామి కంపెనీ వాళ్లకు తన పని వివరించాలి. టికెట్ వచ్చేదాకా వద్దని చెప్పనే లేదు. మధ్యాహ్నం జ్వరమని చెప్పి తప్పించుకోవాలని పొద్దున్నే తీర్మానించుకుంది.

భోజనాల వేళ మేనేజర్ నిఖిల దగ్గరికి వెళ్లింది. ఈ దేశంలోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, ఇక్కడి వాళ్లలాగే మాట చివర 'లా' తగిలిస్తుంది.

"అమ్మాయ్, ఒంట్లో బాలేదే. జ్వరంలా ఉంది."

నిఖిల ఆమె నుదురు ముట్టి చూసింది. "ఓకే లా ఆంటీ, రెస్ట్ తీస్కోండి. నవనీత్‌కి వీసా ఉంది, వాడు వెళ్తాడు. మీ స్లైడ్సే కదా, చదివేస్తాడు."

సుభద్రకు ఒళ్లు మండిపోయింది. తనతో పనిచేసే నవనీత్ మంచివాడే. కానీ ఇన్నేళ్లు నవ్వులపాలై, ఒక్కో ఊరూ నేర్చుకుని నిలబెట్టిన పని ఇది. దాన్ని ఇంకొకడు చదివేయడమా?

"జ్వరమూ లేదు, గిరమూ లేదు. భయం, అంతే," అంది. పైకి అనేసరికి ప్రాణం తేలికపడింది. "నా లిస్బన్‌కి నేనే ఎల్తాను."

"పావుగంటే కదా ఆంటీ!"

"ఆఁ, పావుగంటే!"

ఇద్దరూ పకపకా నవ్వారు.

ఆ ఆఫీసులో ఎవరి కుర్చీ వారిదని ఉండదు, ముందొచ్చిన వాళ్లదే. సాయంత్రం లేస్తూ సుభద్ర తన కుర్చీలో ఒక టిష్యూ పొట్లం పెట్టింది. తిండి దుకాణాలుండే ఇక్కడి హాకర్ సెంటర్లలో ఖాళీ చోటు మీద అది ఉంటే 'చోప్' చేసినట్టే, అంటే ఆ చోటు పట్టి ఉంచినట్టే, మరొకరు కూర్చోరు.

"వన్ వీక్ చోపా ఆంటీ?" అంది నిఖిల.

"మరి తిరిగి రానేంటే!"

ఎక్స్‌పో స్టేషన్లో రోజూ ఇంటివైపు రైలెక్కే మనిషి ఇవాళ రెండో వైపు నిలబడింది. ఎయిర్‌పోర్టు ఒక్క స్టేషను దూరమే. కృష్ణప్రసాద్ ఫోన్ చేశాడు.

"మరి ఎవరి చెయ్యి పట్టుకుంటావోయ్?"

"నా చెయ్యే పట్టుకుంటానండీ. మీరు అన్నం తినేయండి."

సూట్‌కేసు పిడి గట్టిగా పట్టుకుంది. భయంతోనే, పట్టరాని గర్వంతోనే రైలెక్కింది. తలుపులు మూసుకున్నాయి.

ఆఫీసులో బల్లలు తుడిచే ఆవిడ ఆ కుర్చీ దాకా వచ్చి, చూసి, ముట్టుకోకుండా దీపాలార్పి వెళ్లిపోయింది. కుర్చీ మధ్యలో టిష్యూ పొట్లం అలాగే ఉంది.