కాలరు మడతలో సూది

బ్యాండు వాళ్ళు వేదిక మీదికి రాగానే హాలంతా లేచి నిలబడింది. టైలరమ్మ ఒక్కతే కుర్చీలో కూలబడింది.

పదహారేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచీ ఆమె ప్రాణమంతా ఈ బ్యాండే. మిషను ముందు కూర్చుంటే పక్కన వీళ్ళ పాట మోగాల్సిందే, లేకపోతే కుట్టు వంకరపోతుందని నమ్మకం. ఆడపడుచు మాత్రం ఆ గాయకుణ్ణి బొంగురాయన అంటుంది. జలుబు చేసినవాడి పాటలకింత పిచ్చేమిటని ఏళ్ళ తరబడి దెప్పుతూనే ఉంది. అలాంటి మనిషి, ఇవాళ టిక్కెట్లు ఊరికే వచ్చాయనగానే వదిన కంటే ముందు తయారై గుమ్మంలో నిలబడింది.

ఆ టిక్కెట్లే కొంప ముంచాయి. పొద్దున బ్యాండు డ్రైవరు ఒక నల్లకోటు తెచ్చి, కాలరు ఊడింది, సాయంత్రానికి కావాలన్నాడు. అది ఎవరి కోటో తెలిశాక టైలరమ్మకు కాళ్ళు నేల మీద ఆనలేదు. అంత దళసరి గుడ్డను మిషనుకు అప్పగించకుండా చేత్తోనే కుట్టింది. ఇంకో బెత్తెడు కుట్టు మిగిలి ఉండగా డ్రైవరు మళ్ళీ వచ్చి, "మావాళ్ళు మీకిమ్మన్నారమ్మా" అని రెండు టిక్కెట్లు చూపించాడు.

పని మధ్యలో లేవాల్సివస్తే సూదిని దారంతో సహా కాలరు మడతలో గుచ్చి లేవడం ఆమె అలవాటు. సూది ఉందంటే పని మిగిలి ఉందని గుర్తు. ఆ గుర్తు ఎప్పుడూ తప్పలేదు. ఇవాళా అలాగే గుచ్చి లేచింది గానీ, టిక్కెట్లు చేతిలో పడేసరికి ఒళ్ళు తెలియలేదు. కోటు తనే మడిచి, తనే సంచిలో పెట్టి, తనే డ్రైవరును నవ్వుతూ సాగనంపింది.

ఇప్పుడు పెద్ద తెర మీద గాయకుడి మెడ గోడంత కనిపిస్తోంది. కాలరు ఒకపక్క లేచి ఉంది. అది ఆమె కుట్టకుండా వదిలేసిన బెత్తెడు.

"ఏంటి వదినా, మొహం అలా పాలిపోయింది?"

"ఆయన కాలర్లో నా సూది ఉండిపోయింది."

ఆడపడుచు నవ్వబోయి, తెర మీద లేచి ఉన్న కాలరు చూసి ఆగిపోయింది.

గాయకుడు తల తిప్పిన ప్రతిసారీ టైలరమ్మ కళ్ళు మూసుకుంది. ఏ పాట పాడుతున్నాడో చెవికెక్కడం లేదు. ఇక ఉండబట్టలేక, జనాన్ని తోసుకుంటూ వేదిక మెట్ల దాకా వెళ్ళింది. వెనకే ఆడపడుచు కూడా వచ్చింది.

కాపలాదారు మొత్తం విన్నాడు. "ఇందాక ఒకామె ఆయన చెల్లెలినంది. మీ సూది కథే కొంచెం నయం. వెళ్ళి కూర్చోండమ్మా" అన్నాడు.

అంతలో జనం గోల ఆకాశాన్నంటింది. గాయకుడు కోటు విప్పుతున్నాడు. టైలరమ్మ పైప్రాణాలు పైనే పోయాయి. ఆ కోటు ఏమవుతుందో ఆమెకు తెలుసు, ఎన్ని వీడియోల్లో చూడలేదు. దాన్ని జనంలోకి విసురుతాడు. అది చేతులు మారుతూ, తలల మీదుగా హాలంతా తిరిగి మళ్ళీ వేదిక చేరాలి. చేరాకే వాన పాట మొదలుపెడతాడు. ఆ కాలరు ఊడేది కూడా అందుకే. ఒక్కసారి దాన్ని తాకితే చాలని ఆమె ఎన్నేళ్ళు కలగన్నదో.

కోటు ఎగిరి నాలుగో వరసలో పడింది. ఒకావిడ దాన్ని చెంపకు ఆనించుకుంది. "వద్దు, మొహానికి ఆనించొద్దు" అని టైలరమ్మ గొంతు చించుకుంది, ఎవరికీ వినపడలేదు. ఒకాయన ముద్దు పెట్టుకున్నాడు. ఒక తండ్రి దాన్ని చంటిదాని నెత్తిన కప్పబోయాడు. టైలరమ్మ ఎవరి కాళ్ళు తొక్కుతోందో చూడకుండా పరిగెత్తి, రెండు చేతులతో కోటును లాక్కుంది.

"ఓ పెద్దమ్మా, పక్కకి పంపించు" అన్నారు. తర్వాత తిట్లు కూడా పడ్డాయి. ఆడపడుచు అడ్డం నిలబడి, "మా వదిన జోలికొస్తే ఊరుకోను" అంది.

టైలరమ్మ వేళ్ళు మడతలోకి వెళ్ళాయి. మొదట దారం తగిలింది, తర్వాత సూది. అది తను గుచ్చినచోటే, గుచ్చినట్టే ఉంది. ఊపిరి వదిలింది గానీ సూది పూర్తిగా లాగేయలేదు. బెత్తెడు మిగిలే ఉంది కదా.

అక్కడే నేల మీద చతికిలబడి కుట్టడం మొదలుపెట్టింది. పక్కన పాట లేకపోయినా కుట్టు వంకరపోలేదు. సూది మెరవడం చూసి ముందు చుట్టుపక్కలవాళ్ళు నోరు మూశారు, వాళ్ళను చూసి మిగతావాళ్ళు. కోటు రానిదే పాట లేదు కాబట్టి వేదిక మీద గాయకుడూ మైకు పట్టుకుని నిలబడ్డాడు. ఇంతమంది ఎదురుచూస్తుంటే ఆమె ఎప్పుడూ కుట్టలేదు. ముడి వేసి, దారం పంటితో కొరికి, కోటును తలల మీదికి అందించింది.

గాయకుడు అది తొడుక్కుని కాలరు తడిమి చూసుకున్నాడు. అది చక్కగా కూర్చుంది. వాన పాట మొదలైంది.

టైలరమ్మ లేవలేదు. సూదిని తన భుజం మీది గుడ్డకు గుచ్చుకుని, కూర్చున్నచోటే కూర్చుని, ఆ సాయంత్రం మొదటిసారిగా పాట విన్నది. వింటూ వింటూ ఏడ్చేసింది.

"ఎందుకు వదినా ఏడుపు, దొరికిందిగా" అంది ఆడపడుచు. తర్వాత తనూ పక్కనే చతికిలబడి, "పర్లేదు, బాగానే పాడుతున్నాడు" అంది.