పాపకు లాల

మా వంశంలో నా కాళ్ల మీద లాల పోయించుకోని పిల్ల లేదు. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, పిల్లను వాటి మీద వేసుకుని, నువ్వుల నూనె పట్టించి, కుడిచెయ్యీ ఎడమకాలూ కలిపి సాగదీస్తే ఎంత మొండిఘటమైనా కళ్లు మూసేది. పాప పుట్టగానే మా అబ్బాయి లోవరాజు నన్ను తుని నుంచి లాలాగూడ రైల్వే క్వార్టర్సుకి తెచ్చుకున్నదే అందుకు.

కోడలు కల్పలత ఈ ఊరి పిల్ల. పాపను నా కాళ్ల మీద పెడుతూ, "అత్తమ్మా, జెర మెల్లగ. శాన చిన్నగున్నది" అంది.

"చాల్లేవే! ముగ్గుర్ని పెంచినదాన్ని, నువ్వా నాకు చెప్పేది?" అన్నాను.

పాప కాలు నా చేతిలోనే విరిగింది. ఎండు కందిపుల్ల విరిగినంత చప్పుడు, అంతే. ఆ తర్వాత పాప ఏడుపు.

"మీ చేతులు పడిపోను! నా బిడ్డను ముట్టకుండ్రి!" అని కల్పలత అరిచింది. లోవరాజు నా మొహం చూడలేదు.

ఆసుపత్రిలో డాక్టర్ ప్రేమమణి ఎక్స్‌రే చూపించింది. పాప పక్కటెముకలు కడుపులో ఉండగానే విరిగి అతుక్కున్నాయట.

"ఎముకంటే సున్నమొక్కటే కాదమ్మా. లోపల కొల్లాజెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. మూడు పాయల జడలా అల్లుకుంటుంది. సున్నం దాన్ని పట్టుకునే గట్టిపడుతుంది. పాపకు పాయలో ఒకచోట తప్పు ముక్క పడింది. అక్కడ అల్లిక ఆలస్యమై, ఉండాల్సిన దానికన్నా ఎక్కువ చక్కెర అంటుకుంది. జడ సరిగా బిగుసుకోలేదు."

చక్కెర అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. "అదిగో! కడుపుతో ఉన్నప్పుడు డబ్బాలకు డబ్బాలు మిఠాయి తినేసింది!" అన్నాను. కల్పలత తల దించుకుంది.

"తినే చక్కెర కాదమ్మా. ఒంట్లో కణాలే దాన్ని అంటిస్తాయి. ఇది తిండి వల్ల రాలేదు, మీ రెండిళ్ల నుంచీ రాలేదు. పాపలోనే కొత్తగా పుట్టిన తప్పు. గుడ్డ మార్చినా ఆ కాలు విరిగేది" అంది డాక్టరు.

ఎవరి తప్పూ కాదని తేలినా కల్పలత పాపను నాకివ్వలేదు. దిండు మీద పెట్టుకునే మోసేది. చంకల కింద పట్టకూడదు, కాళ్లు పట్టి ఎత్తకూడదు, రెండరచేతులూ కిందికి పోనిచ్చి లేపాలి. గుమ్మంలో నిలబడి అంతా నేర్చుకున్నాను. వంటింట్లో బియ్యం మూటను ఎత్తి దించి సాధన చేశాను. నా మనవరాల్ని ఒక్కసారి ఎత్తుకోవాలని నా ప్రాణం కొట్టుకుపోయేది.

"ఒక్కసారివ్వవే తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటాను."

"నాకు భయమైతది అత్తమ్మా. మీ మీద కోపం లేదు."

వానలు మొదలు కాగానే పాపకు జలుబు చేసింది. ఆ పక్కటెముకలు ఊపిరికి ఆసరా ఇవ్వలేకపోయాయి. ఆసుపత్రి నుంచి గుడ్డలో చుట్టి తెచ్చారు. తీసుకెళ్లడానికి మగవాళ్లు బయట నిలబడ్డారు. దిక్కుమాలిన దేవుడు, కళ్లు పోయాయా వాడికి!

కల్పలత నీళ్లు కాచింది. పీట వేసింది. పాపను దిండుతో సహా నా ముందుకు తెచ్చింది.

"అత్తమ్మా, లాల పొయ్యుండ్రి."

"నా వల్ల కాదే."

"పొయ్యుండ్రి. ఇగ దానికి నొప్పి గాదు."

రెండరచేతులూ కిందికి పోనిచ్చి, నేర్చుకున్నట్టే ఎత్తి, నా కాళ్ల మీద పడుకోబెట్టుకున్నాను. బియ్యం మూటంత బరువు కూడా లేదు. నీళ్ల వేడి మోచేత్తో చూశాను.

"నూనె సుత రాయుండ్రి" అంది కల్పలత.

రాశాను. కాళ్లు మాత్రం సాగదీయలేదు.