నౌఫాకు పోసిన కాఫీ

నౌఫా రొట్టెల మీద గట్టి పెరుగు పూసి, జాతర్ అనే ఎండాకుల పొడి చల్లి, ఒక్కొక్కటే చుట్టి పళ్లెంలో పేరుస్తోంది. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. ఎండాకాలమైనా నల్లటి పొడుగు గౌను, కాళ్లకు మేజోళ్లు. ఎడమ మోకాలు పట్టేయడంతో బరువంతా కుడికాలి మీద వేసి నిలబడుతుంది. పిల్లల కేంద్రం తాళం తీసేది ఆమే, నేల తుడిచేది ఆమే, బడి మానేసిన పిల్లల ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులకు నచ్చజెప్పేదీ ఆమే. ఉద్యోగానికి ఏదో పెద్ద పేరే ఉంది. ఊళ్లో మాత్రం ఆమెను "తలుపులు తట్టే నౌఫా" అంటారు.

వంటగది కిటికీ ఊచల్లోంచి వాకిలి కనిపిస్తోంది. పిల్లలు పెద్దమనుషుల ఆట ఆడుతున్నారు. హదీల్ ఇంటి యజమాని. ప్లాస్టిక్ గిన్నెల్లో కుళాయి నీళ్లు పోసి అందరి ముందూ పెట్టింది.

"మా గడప తొక్కిన దొరలూ, కాఫీ పుచ్చుకోండి" అంది గొంతు బొంగురు చేసి.

"తాగం! బంతి ఇస్తానంటేనే తాగుతాం!"

"ముందు తాగండయ్యా, చల్లారిపోతోంది."

"ముందు మాటివ్వు!"

ఇంతలో చివర కూర్చున్న బుడ్డది గిన్నె ఎత్తి గటగటా తాగేసింది. మిగతావాళ్లు నెత్తీనోరూ కొట్టుకున్నారు.

"తాగేశావు కదే! ఇంకేం మొహం పెట్టుకుని అడుగుతాం?"

హదీల్ పడీ పడీ నవ్వింది. నౌఫా కూడా నవ్వింది. ఆ ఊళ్లో పెద్దవాళ్లకు ఇది ఆట కాదు. హత్య జరిగి రాజీకి వెళ్లినా, పిల్లనడగడానికి వెళ్లినా గిన్నె నేల మీదే ఉంటుంది. "తాగండి, మీరడిగింది ఇచ్చాను" అని యజమాని అనేదాకా దాన్ని ఎవరూ ముట్టరు. ముట్టారంటే అడిగేదేమీ లేదని. అదంతా మగవాళ్ల వ్యవహారం. ఆడవాళ్లకు తెర వెనక టీ ఇస్తారు, చక్కెర దండిగా వేసి. నౌఫా ఇన్నేళ్లుగా తొక్కిన గడపలన్నిటిలోనూ తాగింది ఆ టీయే.

హదీల్ వంటగదిలోకి వచ్చి గుమ్మానికి ఆనుకుంది. పదిహేనేళ్ల పిల్ల, ముందు పన్ను కాస్త విరిగింది. పంతులమ్మ మాట వినని చంటిపిల్లలు కూడా దీని మాట వింటారు. తొమ్మిది గట్టెక్కింది. సెలవులవగానే పదిలో కూర్చోవాలి.

"పొద్దున పెదనాన్న బండి వచ్చింది పిన్నీ. అమ్మ నా బట్టలు మడతపెడుతోంది."

నౌఫా చేయి ఆగింది. "ఎక్కడికే?"

"ఎక్కడికో నీకు తెలీదా? ముదవ్వరకి, పెదనాన్న వాళ్లూరికి. వాళ్ల కొడుకుతో పెళ్లికి టైముందట, అందాకా వాళ్లింట్లో పని నేర్చుకోవాలట." నౌఫా మోచేయి పట్టుకుంది. "నువ్వొచ్చి నాన్నని అడుగు పిన్నీ. ఒక్క ఏడాది. పది రాసి వెళ్తాను. నీ మాటంటే నాన్నకి గౌరవం."

తన మాటకు ఎవరు ఎంత గౌరవమిస్తారో నౌఫాకు తెలుసు. అయినా "వస్తాను" అంది.

రాజధాని అమ్మాన్‌లో ఉండి కేంద్రం నడిపించే మేడమ్‌కు ఫోన్ చేసింది. ఆవిడ నిట్టూర్చి, "మనం నచ్చజెప్పగలం నౌఫా, ఎదిరించలేం. కేంద్రం మూతపడకుండా చూసుకో" అంది.

పెదనాన్న కొడుకు, బాబాయి కొడుకు అనే మాటలు వింటేనే నౌఫాకు ఒళ్లు మండుతుంది. ఆమె పడుచుగా ఉన్నప్పుడు బాబాయి కొడుకు "ఇది నాది" అన్నాడు. అన్నవాడు ఇంకొకతెను చేసుకుని ఇంటినిండా పిల్లల్ని కన్నాడు గానీ, అన్న మాట వెనక్కి తీసుకోలేదు. అతను వదిలితే తప్ప మరొకడు వచ్చి అడగకూడదు. "మింగడు, కక్కడు, వీడి దుంప తెగ" అని తల్లి ఏడుస్తూనే పోయింది. చివరికి అతనూ పోయాడు. అప్పటికి నౌఫా జుట్టు తెల్లబడింది. ఇప్పుడు అన్న ఇంట్లో వంటింటి పక్క గది ఆమెది. కిటికీ తెరిస్తే నీళ్ల తొట్టి గోడ కనిపిస్తుంది. సాయంత్రం నమాజు పిలుపుకు ముందే ఆ గదిలో ఉండాలి, లేకపోతే వదిన మొహం మాడుతుంది.

మధ్యాహ్నపు ఎండలో కుంటుకుంటూ బయలుదేరింది. దారి పొడుగునా మాటలు పేర్చుకుంది. ఒక్క ఏడాది చాలు. ఆ తర్వాత అల్లా దయ.

హదీల్ తండ్రి అబూ రాకాన్ గుమ్మంలోనే ఎదురయ్యాడు. ఆమె అలవాటుగా ఆడవాళ్ల గది వైపు తిరిగింది.

"అటెక్కడికి అక్కా? ఇటు రా, ఇక్కడ కూర్చో."

మగవాళ్ల గది. నౌఫా అడుగు తడబడింది. లోపల హదీల్ పెదనాన్న గోడకానుకుని కూర్చున్నాడు. అబూ రాకాన్ తన చేత్తో దిండు సర్ది ఆమెను కూర్చోబెట్టాడు. పొయ్యి మీది ఇత్తడి కూజా ఎడమచేత్తో తీసి, చిన్న గిన్నెలో కాఫీ పోసి, కుడిచేత్తో అందించాడు.

"మా పిల్లల్ని సగం పెంచింది నువ్వు. నీకు టీ ఇచ్చి పంపితే నలుగురిలో మా పరువేం కావాలి?"

నౌఫా గిన్నె అందుకుంది. చిన్నప్పుడు తెర కన్నంలోంచి చూసేది, తండ్రి అతిథులకు ఇలాగే పోస్తుంటే. ఈ గిన్నె తన చేతికి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. తనను ఒక మనిషిగా లెక్కలోకి తీసుకున్నారు. ఏలకుల వాసన, చేదు. మూడు గుక్కల్లో తాగింది. ఇక చాలని మగవాళ్లలాగే గిన్నెను అటూ ఇటూ ఊపింది కూడా.

తెర వెనక ఎవరో "అయ్యో" అన్నారు. పెదనాన్న మీసం కింద నవ్వు దాచుకున్నాడు. అప్పుడు తెలిసింది నౌఫాకు.

"అబూ రాకాన్, నేనొక కోరికతో వచ్చాను."

"కోరికా?" అతను కళ్లు పెద్దవి చేశాడు. "కోరికతో వచ్చినవాళ్లు కాఫీ తాగుతారా అక్కా? తాగావు, గిన్నె ఊపావు. చుట్టపు చూపుగా వచ్చావనుకున్నా."

"ఒక్క ఏడాది. పిల్ల పది రాస్తుంది..."

"పెద్దదానివి, నువ్వే పద్ధతి తప్పితే ఎలా?"

మోసం చేశాడని ఎవరికి చెప్పుకుంటుంది? అతను చేసింది మర్యాద. ఊరంతా మెచ్చుకునే మర్యాద. తన మీద తనకే పుట్టిన అసహ్యంతో నౌఫా చెవులు మండిపోయాయి. ఆ గిన్నెను గోడకేసి కొట్టాలనిపించింది. మెల్లగా కింద పెట్టింది.

"నాకు కాఫీ పోసిన మగాడివి నువ్వొక్కడివే, అబూ రాకాన్" అంది లేస్తూ. "అదీ ఇందుకే పోశావు."

అతను మొహం తిప్పుకుని అన్న గిన్నె నింపాడు.

బయట బండి ఇంజను స్టార్ట్ చేశారు. హదీల్ మూట పట్టుకుని వచ్చింది. వెనకే తల్లి, ముసుగు అంచుతో నోరు మూసుకుని. ఆ పిల్ల తెర వెనక అంతా విన్నదని నౌఫాకు చూడగానే అర్థమైంది. తిడితే బాగుండుననిపించింది.

హదీల్ వంగి ఆమె నుదుటి మీద ముద్దు పెట్టింది.

"ఫర్లేదు పిన్నీ. ఎండన పడి వచ్చావు, దాహమేసుంటుంది."

మూటతో పాటు వెనక సీటులోకి ఎక్కింది. బండి హైవే ఎక్కేదాకా నౌఫా గోడ పట్టుకుని నిలబడింది. ఏడుపు రాలేదు. నోట్లో ఇంకా ఏలకుల వాసనే ఉంది, ఎంత ఉమ్మినా పోలేదు.

కేంద్రానికి తిరిగి వచ్చేసరికి ఇంకా ముగ్గురు పిల్లలు మిగిలారు. బుడ్డది మెట్టు మీంచి పడి నుదురు బొప్పి కట్టించుకుంది.

"హదీలక్కేది?" అంది ఏడుపు మధ్య.

"ఊరెళ్లింది."

"రేపొస్తుందా?"

నౌఫా దాన్ని చంకనెత్తుకుని వంటగదిలోకి నడిచింది, బొప్పికి ఐసు పెడదామని. పాత ఫ్రిజ్ పైఅర మూత బిగుసుకుపోయింది. గట్టిగా లాగితే ఊడి వచ్చింది. లోపల మంచుపొరల మధ్య ఒక నీళ్ల సీసా పడుకోబెట్టి ఉంది. ఇంకెవరూ తాగేయకుండా దాని మెడకు నీలం ఉన్ని దారం కట్టి, దారానికి కాగితం ముక్క గుచ్చి "హదీల్‌ది, ఇంటికెళ్లేటప్పుడు" అని ఆ పిల్ల చేతిరాతలోనే రాసుంది. సీసాలో నీళ్లు అడుగు దాకా గడ్డకట్టాయి.