పిన్ని డబ్బింగ్

అమెరికాతో కుదిరిన వ్యాపార ఒప్పందం మా పిండిమిల్లులను ఎలా మింగేసిందో చూపిస్తూ నేనో డాక్యుమెంటరీ తీశాను. దానికి ఊళ్లో ఒక్క హాలు కూడా దొరకలేదు. సరే, మూతపడ్డ మిల్లులోనే కిటికీలకు గోనెపట్టాలు కట్టి, గోడ మీద ఆట పెట్టాను. జనం కిక్కిరిసిపోయారు. తీరా మొదలుపెట్టబోతుంటే, మైకుసెట్టు అద్దెకిచ్చినవాడు స్పీకర్లు విప్పుకుని ఆటోలో పెట్టేసుకున్నాడు.

"పైనుంచి ఫోనొచ్చిందండీ, నన్నేం చేయమంటారు?" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. బొమ్మయినా చూడనీ అని ప్రొజెక్టర్ ఆన్ చేశాను.

గోడ మీద మా పిన్ని కనిపించింది. ఈ మిల్లులోనే పిండి జల్లించిన మనిషి. కెమెరా ముందు ఆవిడ చేత నాలుగు ముక్కలు పలికించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు పెదవులు కదులుతున్నాయి, మాట లేదు.

ముందు వరసలోంచి పిన్నే లేచింది. "నా నోరు కూడా ఆటోలో వేసుకెళ్లాడా వాడు?" అని, గోడ మీది తన పెదవులను చూస్తూ అందుకుంది. "చౌక పిండి ఓడల్లో దిగింది. మా మిల్లుకి తాళం పడింది. సంతకం పెట్టేముందు మమ్మల్ని ఎవరడిగారు?"

మిల్లంతా ఈలలు. ఆ వెనకే మర నడిపిన మామయ్య లేచాడు, తర్వాత బస్తాలు మోసినవాళ్లు. ఎవరి బొమ్మ వస్తే వాళ్లు లేచి తమ మాట తామే చెప్పారు. స్పీకర్లకు అంత గొంతు ఎక్కడిది!

సినిమా అయిపోయింది. పిన్ని మళ్లీ లేచి నిలబడింది.

"కూర్చో పిన్నీ, ఆట అయిపోయింది" అన్నాను.

"నువ్వు కూర్చోవే," అంది, "నాకింకా బోలెడుంది."