మగ్గం ఆగిన మంగళవారం

మా నీరుగట్టువారిపల్లెలో పట్టపగలు మగ్గం ఆగిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయారనే లెక్క. నా మగ్గం ఆ మంగళవారం ఆగింది.

మా ఆయన యువరాజ్ మగ్గం వదిలి పుంగనూరు దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం తెచ్చుకున్నప్పుడు వీధంతా మెచ్చుకుంది. నేనూ మురిసిపోయాను. రాత్రి షిఫ్టు పడ్డాక ఆ మురిపెం కాస్తా వదిలింది. పొద్దున్నే వచ్చి పడుకుంటాడు, నిద్ర రాదు. కళ్లు చింతనిప్పులు. గరిటె కింద పడినా ఉలిక్కిపడి లేస్తాడు. డాక్టరుకు చూపించుకోమంటే, "నాకేమన్నా పిచ్చా?" అని పళ్లెం విసిరాడు. పిచ్చి లేనివాళ్లు విసిరితే పళ్లేలకు సొట్టలు పడవు కాబోలు!

ఆ రోజు మా పల్లవికి జ్వరం, బడికి పోలేదు. నా పక్కనే చాప మీద పడుకుంది. నేను చీర అంచు నేస్తున్నాను.

"ఆపే ఆ మగ్గం సద్దు!" లోపలి గదిలోంచి అరిచాడు.

"అంచు ఇంగ రోంతే ఉండాది, అయిపోనీ."

కొడవలితో వచ్చాడు. వచ్చీరాగానే పడుగు మీద వేటు వేశాడు. బిగించిన పట్టుపోగులు తెగి నా ముఖాన కొట్టాయి. చేయి పట్టుకోబోతే జుట్టు దొరకబుచ్చుకుని నా తలను మగ్గం గుంజకేసి బాదాడు. మళ్లీ బాదాడు. నెత్తురు కంట్లోకి దిగింది. పల్లవి లేచొచ్చి వాళ్ల నాయన చేతిని కరిచింది. ఆయన విదిలించిన విసురుకు గోడకు కొట్టుకుని కింద పడింది.

"నిన్నూ సంపేస్తా!" అని కొడవలి ఎత్తాడు. నా బిడ్డ మీద!

పడుగు బిగించే కట్టెను ఊడబెరికి ఆయన మణికట్టు మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. జాలి కలగలేదు. కింద పడ్డ కొడవలిని మగ్గం గుంటలోకి తన్నాను.

ఆయన నేల మీదే పడుకుని కళ్లు మూసుకున్నాడు. ఇల్లంతా నిశ్శబ్దం. కాసేపటికి కళ్లు తెరిచాడు.

"సద్దు లేకపోయినా నిద్దర రాలేదే, హేమా," అని ఏడ్చాడు. "మాయమ్మ నా ఉయ్యాల మగ్గం పక్కనే కట్టేది. ఆ సద్దులోనే నిద్దరపోయేవాణ్ని. రోంత మగ్గమాడించే."

"యాడ ఆడించేది? కోసేసినావు గదా."

"మగ్గం ఆగిపోయిందేందే? ఎవురు పోయినారు?" అంటూ పక్కింటి అంజమ్మత్త వచ్చింది. మమ్మల్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఎవురూ పోలేదత్తా. ఈయప్పను ఆస్పత్రికి పిల్సకపో. సెయ్యికి కట్టు కట్టిచ్చి, నిద్దర సంగతి గూడా డాక్టరుకు సెప్పు. నయమయ్యేదాకా ఈ గడప తొక్కద్దని సెప్పు."

ఆయన మీద ప్రేమ చావలేదు, అదే నా ఏడుపు. అయినా వాళ్లు వీధిలోకి దిగగానే తలుపు గడియ పెట్టాను.

పల్లవిని ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది, కళ్లు మాత్రం తలుపు మీదే ఉన్నాయి.

"నిద్దరపో తల్లీ."

"వద్దుమా," అంది. "నేను నిద్దరపోతే నాయన వస్తాడు."